ప్లాస్టిక్ అణువుల కొమ్మలు, వేడి

పాలిథిన్ అంటే కార్బన్ పరమాణువుల పొడవాటి గొలుసు. శంషాబాద్ దగ్గరి తొండుపల్లిలో ఏ ఇంటి చెత్తబుట్టలోనైనా దాని రెండు రూపాలు కనిపిస్తాయి. షాంపూ సీసాలో గొలుసుకు కొమ్మలు చాలా తక్కువ. ఈ రకానికి దారి తీసింది 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ కనుగొన్న ఉత్ప్రేరకం. పాలప్యాకెట్టు పొరలో మాత్రం కొమ్మలు ఎక్కువ.

కొమ్మ మొలిచిన చోట కార్బన్‌కు మూడు వైపులా కార్బన్లే ఉంటాయి. మిగిలిన ఒక్క హైడ్రోజన్ బంధం కాస్త బలహీనం. వేడి ముదిరితే ఆ హైడ్రోజన్ సులువుగా ఊడుతుంది. దాని పక్కనే గొలుసు తెగుతుంది.

బియ్యం సంచులు నేసే పాలిప్రొపిలిన్‌లో ఒకటి విడిచి ఒక కార్బన్‌కు కొమ్మ ఉంటుంది. అది సుమారు 165 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు; సీసా పాలిథిన్ 130 దగ్గరే కరుగుతుంది. అయినా గాలి తగలకుండా కాచినప్పుడు ముందు విచ్ఛిన్నమయ్యేది పాలిప్రొపిలినే. తర్వాత పాలప్యాకెట్టు, చివరికి సీసా. కరగడం గొలుసుల అమరికను బట్టి, తెగడం బంధాల బలాన్ని బట్టి జరుగుతుంది.

ఆ బలహీన హైడ్రోజన్ బంధాలు గాలిలోని ఆక్సిజన్‌కూ సులువుగా లొంగుతాయి కాబట్టి పాలిప్రొపిలిన్‌లో ఆక్సీకరణను అడ్డుకునే రసాయనాలు తప్పక కలుపుతారు. చెత్త ప్లాస్టిక్‌ను నూనెగా మార్చే కొలిమిలోనూ, కరిగించి మళ్లీ పోత పోసేటప్పుడూ రకాలను వేరు చేయడం ఎంతో అవసరం.