సండే స్కూల్లో అల్లరి పిల్లలు

1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూల్ పెట్టిందే వారమంతా పనిచేసి ఆదివారం వీధుల్లో అల్లరిగా తిరిగే పేద పిల్లల కోసం. అలాంటప్పుడు అల్లరి చేశాడని పిల్లవాణ్ణి బయటికి పంపేయడం ఏం న్యాయం?

ఆరేళ్లవాడు అరగంట కదలకుండా కూర్చోలేడు, అది వాడి వయసు. అందుకే కథలోకే వాణ్ణి దింపండి. ఉదాహరణకు, బైబిల్లో యెరికో గోడలు కూలిన పాఠం రోజున అట్టపెట్టెలు పేర్చి గోడ కట్టించండి. పిల్లలంతా దాని చుట్టూ ఏడుసార్లు నోరు మెదపకుండా నడవాలి, ఆ తర్వాతే కేక. అందరిలోకీ దుడుకైనవాణ్ణి ముందు నిలబెట్టండి. ఆ కేక కోసం పెదవులు బిగబట్టుకుని ఎంత బుద్ధిగా నడుస్తాడో చూడండి!

ఒక టీచరు కథ చెబుతుంటే ఇంకొకరు పిల్లల మధ్య కూర్చోవాలి. మాట వినని పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచి, పక్కన కూర్చుని మెల్లగా చెప్పాలి. కొట్టడం, నలుగురిలో చిన్నబుచ్చడం అసలు వద్దు. అల్లరి మితిమీరితే అమ్మానాన్నలతో మాట్లాడండి, ఫిర్యాదు చేస్తున్నట్టు మాత్రం కాదు.

పాస్టర్లకూ సంఘ పెద్దలకూ ఒక మనవి: పిల్లలకు వరండా మూల కాకుండా, గాలీ వెలుతురూ ఉన్న గది ఇవ్వండి.