ఫ్రెంచి చలనచిత్రములు – తెలుగు చెవి



పరభాషను పుస్తకమున మాత్రమే నేర్చినవారికి అది కంటికి వశమగును గాని చెవికి కాదు. ఫ్రెంచి విషయమున ఈ మాట మరింత నిజము. పదముల చివర వ్రాయబడు హల్లులు పెక్కు పలుకబడవు. ‘నాకు తెలియదు’ అనుటకు వ్యాకరణము ‘జె నె సే పా’ యని నేర్పగా, పారిసు వీథిలో వినవచ్చునది తరచుగా ‘షే పా’ మాత్రమే. ‘ఏమి చేయుచున్నావు’ అని వ్రాసి ‘ఏంజేస్తున్నావు’ అని పలుకు తెలుగువారికి ఇది వింతగా తోపనక్కరలేదు. ఆ దేశమునకు పోలేనివారికి ఈ పలుకుబడిని చెవికెక్కించుటలో చలనచిత్రమునకు సాటి వచ్చు సాధనము లేదు.

అయితే మనవారిలో అనేకులు ఫ్రెంచి చిత్రమును చూచునపుడు తెర అడుగున వచ్చు ఇంగ్లీషు వాక్యములను చదివి కథ గ్రహించి తృప్తినొందుదురు. నష్టమంతయు ఇచ్చటనే కలుగుచున్నది. ఫ్రెంచివారికి ‘తు’, ‘వూ’ అని రెండు సంబోధనలు గలవు. ఇవి తెలుగున ‘నీవు’, ‘మీరు’ వంటివి. ఇంగ్లీషు ‘యూ’ ఈ రెంటిని ఒక్క గ్రుక్కలో మ్రింగివేయును.

జాఁ రెన్వార్ 1937లో తీసిన ‘లా గ్రాంద్ ఇల్యూజ్యోఁ’ను చూడుడు. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనుల చెరలోనున్న ఇరువురు ఫ్రెంచి సైనికాధికారులలో ఒకడు ప్రభువంశజుడు, రెండవవాడు యంత్రములు బాగుచేయు పనివాడు. నెలల తరబడి ఒకేచోట బంధితులై యుండియు తమ నడుమ ‘మీరు’ తొలగలేదేమని పనివాడు అడుగగా, తాను తల్లిని, భార్యను సైతము ‘మీరు’ అనియే పిలుతునని ప్రభువు సమాధానమిచ్చును. అట్టివాడే తుదకు ఇతరులు పారిపోవుటకై తన ప్రాణము నొడ్డును. స్నేహము కలదు, ‘నీవు’ మాత్రము లేదు. దీనిని తెలుగు చెవి తక్షణమే పట్టగలదు. ఇంగ్లీషు చదువు కన్ను పట్టలేదు. ఆ ప్రభువే జర్మను ప్రభువుతో మాటలాడునపుడు నడుమ నడుమ ఇంగ్లీషులోనికి దిగును. ఢిల్లీ కచేరీలలో పనిచేయువారికి ఈ అలవాటును వివరింప పనిలేదు!

త్రుఫో 1959లో తీసిన చిత్రము పేరు మాటకు మాటగా ఇంగ్లీషున ‘నాలుగువందల దెబ్బలు’ అయినది. దానిని విన్నవారు బాలుడు దెబ్బలు తినిన కథ యనుకొందురు. ఫ్రెంచిలో అదియొక జాతీయము. అల్లరిచిల్లరగా తిరుగుట యని దాని భావము. గోదార్ 1960లో తీసిన ‘ఆ బు ద సూఫ్ల్’ చివర, మరణించుచున్న నాయకుడు పలికిన ‘దేగొలాస్’ అను మోటు మాటకు అర్థమేమని అమెరికా యువతి అడుగును. చిత్రము ఆ ప్రశ్నతోనే ముగియును. నిఘంటువులో అర్థము దొరకును గాని, ఆ మాట ఎవరి నోట చెల్లునో, ఎవరి నోట చెల్లదో తెలియుటకు మనుషుల మొగములను చూడవలయును.

పారిసు పలుకే ఫ్రెంచి యనుకొనుట పొరపాటు. మార్సే రేవుపట్టణపు జీవితమును పాన్యోల్ రచించిన ‘మరియుస్’ (1931), ‘ఫానీ’ (1932), ‘సెజార్’ (1936) చిత్రములలో చూడవచ్చును. ఉత్తరాదివారు మ్రింగు పదాంతపు ‘ఎ’కారమును ఆ దక్షిణాదివారు పలుకుదురు. అజంతములకు అలవడిన తెలుగు చెవికి ఆ పలుకు చుట్టము వలె తోచును. ‘మరియుస్’లో పేకాట ఘట్టమున సెజార్ తన హృదయము బ్రద్దలగుచున్నదని వాపోవుచు జతగానికి ఆఠీను సంగతి సూచించును. ‘కర్’ అను ఒకే మాటకు హృదయమనియు ఆఠీననియు అర్థము కలదని ఒకసారి నవ్వినవారు మరి మరువరు.

క్రొత్తవారు మాటలు తక్కువగానున్న చిత్రముతో ప్రారంభించుట మేలు. జాక్ తాతీ 1958లో తీసిన ‘మోఁ నోఁక్ల్’ను పిల్లలతో కలిసి చూడవచ్చును. అందలి ఆధునిక గృహిణి, ఘనులైన అతిథులు వచ్చినపుడే తోటలోని చేప ఫౌంటెనును విప్పును. వచ్చినది తన సోదరుడని తెలిసినంతనే కట్టివేయును. ఫ్రెంచి ‘ఓఁక్ల్’ పినతండ్రికిని మేనమామకును ఒక్కటే. ఆ చిత్రమునందలివాడు మేనమామ యని పిల్లలకు ముందే చెప్పవలయును.