శాసన సభల చర్చలను వెదకి చదువుట
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

పొలము గట్టు తగవు వచ్చినప్పుడు మనము ఎవరి జ్ఞాపకమును బట్టియు తీర్పు చెప్పము. సర్వే నెంబరు తీసి, అడంగలు చూచి, గొలుసు పట్టి కొలిపింతుము. కాని దేశమునకు శాసనములు చేయు సభలలో ఎవరేమనిరను ప్రశ్న వచ్చునప్పటికి "అన్నారట" అను ఒక్క మాటతో తృప్తి పడుచున్నాము. ఆ సభలకును అడంగలు కలదు. అచ్చట జరిగిన చర్చ యంతయు వ్రాసికొనబడి, తేదీల వారీగా అచ్చుపడి యున్నది. దానిని వెదకు విధమును మన పంచాయతీలకు సంబంధించిన ఉదాహరణముతోనే మనవి చేసెదను.

"అంబేద్కరు గారు గ్రామ పంచాయతీలకు వ్యతిరేకులు" అను మాట మీలో పలువురు వినియే యుందురు. పంచాయతీలను తక్కువ చేయదలచినవారు దానిని వాడుదురు. అంబేద్కరును తక్కువ చేయదలచినవారును వాడుదురు. ఇది ఎంతవరకు నిజము?

వెదకుటకు ముందు మూడు సంగతులు తేల్చుకొనవలెను: ఏ సభ, ఏ అంశము, ఏ తేదీ. రాజ్యాంగమును వ్రాసినది రాజ్యాంగ పరిషత్తు. అది 1946 డిసెంబరు 9న మొదటిసారి సమావేశమైనది. దాని చర్చలు 12 సంపుటములుగా వెలువడినవి. ఇక అంశము: గ్రామ పంచాయతీలను గూర్చినది రాజ్యాంగములోని 40వ అధికరణము. కాని 40 అను అంకెను పట్టుకొని పరిషత్తు చర్చలలో వెదకినచో మన చర్చ దొరకదు. అప్పటి ముసాయిదాలో అంకెలు వేరు. రీసర్వే జరిగిన గ్రామములో పాత నెంబరు తెలియక క్రొత్త నెంబరుతో పాత దస్తావేజును వెదకినట్లే యగును. నేటి 40వ అధికరణము పాత నెంబరు 31-ఏ. ఈ ఒక్క సంగతి తెలిసినచో దారి దొరకినట్లే. చర్చ ఏడవ సంపుటములో, 1948 నవంబరు 22వ తేదీన కనిపించును.

ఆ సంపుటము 1948 నవంబరు 4తో ఆరంభమగుచున్నది. ఆ దినముననే ముసాయిదా సంఘాధ్యక్షులైన డాక్టరు అంబేద్కరు ముసాయిదాను సభ ముందుంచుచు సుదీర్ఘముగా ప్రసంగించిరి. గ్రామమును ఆయన ఘాటుగా విమర్శించిన మాట నిజము. గ్రామము అజ్ఞానమునకును, సంకుచిత బుద్ధికిని నిలయమనియు, ముసాయిదా గ్రామమును గాక వ్యక్తిని ప్రాతిపదికగా గైకొన్నందుకు తాను సంతోషించుచున్నాననియు చెప్పిరి. గ్రామములు యుగయుగములుగా బ్రతికి నిలిచినవన్నచో చాలదు, ఏ స్థితిలో బ్రతికినవో చూడవలెనని కూడ అడిగిరి. ఇంతవరకే చదివి పుస్తకము మూసినవారు మనము వినుచున్న మాటను ప్రచారము చేసిరి.

పుటలు ఇంకను త్రిప్పుడు. తరువాతి దినములలో పలువురు సభ్యులు ఆ విమర్శకు బదులు చెప్పిరి. మన ఆచార్య రంగా గారు నవంబరు 9న తమ అసంతృప్తిని దాచుకొనక వెల్లడించిరి. నవంబరు 22న కె. సంతానం గారు ఒక సవరణను ప్రతిపాదించిరి. రాజ్యము గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేయవలెననియు, అవి స్వపరిపాలన సంస్థలుగా పనిచేయుటకు తగిన అధికారములను వానికి ఈయవలెననియు దాని తాత్పర్యము. అంబేద్కరు గారు దానిని అంగీకరించిరి. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారు హర్షముతో దానిని బలపరచిరి. సభ ఆమోదించెను.

ఇప్పుడు చెప్పుడు: ఆయన వ్యతిరేకులా, అనుకూలురా? గ్రామములోని అన్యాయమును ఆయన మరుగు పరచలేదు. పంచాయతీలకు రాజ్యాంగములో చోటిచ్చుటకు అడ్డును చెప్పలేదు. రెండు తేదీలను కలిపి చదివినవానికే ఈ నిజము తెలియును. ఒక్క దినపు పుట సగము సాక్ష్యము మాత్రమే. సగము సాక్ష్యముతో తీర్పు చెప్పుట పెద్దమనిషి లక్షణము కాదు.

అంకెల చిక్కు అంతటితో తీరలేదు. పంచాయతీలకు నేటి రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించినది 73వ సవరణ చట్టము. దానిని గూర్చి పార్లమెంటు చర్చలలో వెదకునప్పుడు 72వ సవరణ బిల్లు అని వెదకవలెను. 1991 సెప్టెంబరు 16న లోక్ సభలో ప్రవేశపెట్టినప్పుడు దాని పేరు అదియే. అది సంయుక్త సంఘ పరిశీలనకు వెళ్లి వచ్చి, 1992 డిసెంబరు 22న లోక్ సభలోను, మరునాడు రాజ్యసభలోను ఆమోదము పొంది, 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చెను. అంతకు ముందు 1989లో 64వ సవరణ బిల్లుగా వచ్చిన ప్రయత్నము రాజ్యసభలో నెగ్గలేదు. ఆ చర్చలను గూడ చదివినచో, రాష్ట్రముల అధికారములను గూర్చిన శంకలెట్టివో తెలియును. 73వ సవరణ షెడ్యూల్డు కులములకు, తెగలకు జనాభా ననుసరించియు, స్త్రీలకు మూడవ వంతుకు తగ్గకయు స్థానములు కేటాయించినది. 1948లో అంబేద్కరు గారు ఎత్తిచూపిన లోపమునకు ఇది కొంత సమాధానమని నేను తలచెదను.

ఈ వెదకుట వలన మీకేమి లాభమని అడుగవచ్చును. పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములు మీవే యని మీరు కోరునప్పుడు, 243-జి అధికరణము వానిని నేరుగా మీకు ఇచ్చివేయలేదనియు, రాష్ట్ర శాసనసభ చట్టము ద్వారా ఈయవచ్చునని మాత్రమే చెప్పినదనియు తెలిసియుండవలెను. కనుక తరువాతి అడుగు రాష్ట్ర శాసనసభ చర్చలలో వేయవలెను. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టమును, తెలంగాణలో 2018 చట్టమును గూర్చిన చర్చలు ముఖ్యములు. మరింత వెనుకకు పోవలెనన్నచో, కోస్తా, రాయలసీమ జిల్లాలవారు 1953కు పూర్వపు సంగతులను మద్రాసు శాసనసభ చర్చలలోను, తెలంగాణము వారు 1952 తరువాత నాలుగేండ్ల సంగతులను హైదరాబాదు శాసనసభ చర్చలలోను చూడవలెను.

ప్రశ్నలను మరువకుడు. పార్లమెంటులో నక్షత్ర చిహ్నము గల ప్రశ్నకు మంత్రి నోటితో జవాబిచ్చును. చిహ్నము లేని దానికి వ్రాతపూర్వకముగా ఇచ్చును. నిధులను గూర్చిన లెక్కలు తరచుగా ఈ జవాబులలోనే దొరకును. మంత్రి సభలో ఇచ్చిన హామీ నెరవేరినదా లేదా అని చూచుటకు లోక్ సభలో 1953 నుండి ఒక ప్రత్యేక సంఘమున్నది.

వెదకుటకు సాధనము పార్లమెంటు డిజిటల్ లైబ్రరీ. ఇంటర్నెట్టు గల కంప్యూటరులో ఉచితముగా చూడవచ్చును. కొన్ని జాగ్రత్తలు చెప్పెదను. పాత సంపుటములు పుటల ఛాయాచిత్రములు గనుక, పదముతో వెదకిన దొరకనిది తేదీతో వెదకిన దొరకవచ్చును. ఇంగ్లీషు అక్షరములలో ఒకే పేరును పలు విధములుగా వ్రాయుదురు. అన్ని విధములను ప్రయత్నింపుడు. సభాపతి తొలగింపుమని ఆదేశించిన మాటలు అచ్చులో ఉండవు. అన్నిటికంటె ముఖ్యము: సభ్యుని ప్రసంగము చట్టము కాదు. చర్చ చట్టముయొక్క ఉద్దేశమును తెలుపును. అధికారమును ఇచ్చునది చట్టమే. అధికారికి అర్జీ వ్రాయునప్పుడు చట్టపు సెక్షనును ముందు వ్రాసి, చర్చ తేదీని తరువాత వ్రాయుడు.

తుదకు ఒక మాట. 1948లో ఒక దినమున జరిగిన చర్చను ఇన్నేండ్ల తరువాత మనము కనుగొనగలిగినది, ఆనాడు ప్రతిపాదించినదెవరో, బలపరచినదెవరో, సభ ఏమి నిర్ణయించినదో ఒకరు శ్రద్ధగా వ్రాసియుంచుట వలననే. మీ పంచాయతీ తీర్మానముల పుస్తకము కూడ అట్టి రికార్డే. ఖాళీ పుటలపై ముందుగా సంతకములు చేయకుడు. తేదీ, ప్రతిపాదకుని పేరు, భిన్నాభిప్రాయము చెప్పినవారి పేరు, మంజూరైన మొత్తము స్పష్టముగా వ్రాయింపుడు. రేపు మీ ఊరి చెరువును గూర్చియో, శ్మశానపు బాటను గూర్చియో తగవు వచ్చినప్పుడు మీ మనుమలు వెదకునది ఆ పుస్తకమునే. వారికి "అన్నారట" అను మాటను గాక, అన్నమాటనే అప్పగింపుడు.