వెనుక నడిచే పనులు



కంప్యూటరులో షెల్ స్క్రిప్టు ద్వారా అనేక పనులను ఏకకాలంలో నడిపించడం ఎలాగో ఈనాటి ప్రసంగంలో మనవి చేస్తాను. విషయం కాస్త సాంకేతికమైనదే. అయితే బెంగళూరులో మా కార్యాలయంలో నా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటుతో మొదలుపెడితే, ఈ విద్యతో పరిచయం లేనివారికి కూడా తెలుస్తుందని నా నమ్మకం.

కొన్నేళ్ల క్రితం నేను ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. కాపలాదారులకు, పారిశుధ్య కార్మికులకు జీతాల లెక్క కట్టడం మా పని. మొత్తం 40 శాఖలు. ఒక్కో శాఖ లెక్కకు కంప్యూటరు 6 నిమిషాలు తీసుకునేది. అంటే అన్నింటికీ కలిపి 4 గంటలు. నెలాఖరున హాజరు పట్టీలు రాత్రి రెండు గంటలకు గానీ అందేవి కావు. జీతాల జాబితా మాత్రం తెల్లవారుజామున ఐదింటికల్లా బ్యాంకుకు చేరాలి. ఉన్నది 3 గంటలు, పని 4 గంటలది.

ఇక్కడ షెల్ అంటే ఏమిటో చెప్పాలి. మనం టైపు చేసిన ఆజ్ఞను అందుకుని, కంప్యూటరు చేత ఆ పని చేయించే ప్రోగ్రాము షెల్. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ యూనిక్స్ కోసం తొలి షెల్‌ను రాశారు. అది 1971 నాటికే వాడుకలో ఉంది. నేడు లినక్స్ యంత్రాలలో విస్తారంగా కనిపించే బాష్ అనే షెల్‌ను బ్రయన్ ఫాక్స్ రాయగా, అది 1989లో వెలువడింది. వరుసగా ఇవ్వవలసిన ఆజ్ఞలను ఒక ఫైలులో రాసిపెడితే అదే షెల్ స్క్రిప్టు.

షెల్ మామూలుగా ఒక ఆజ్ఞ పూర్తయ్యాకనే రెండో ఆజ్ఞ జోలికి వెళుతుంది. కాని ఆజ్ఞ చివర, కీబోర్డు మీద 7 అంకెతో పాటు ఉండే యాంపర్‌సాండ్ గుర్తు పెడితే, ఆ పనిని వెనుక నడవనిచ్చి వెంటనే తరువాతి వరుసకు పోతుంది. థాంప్సన్ షెల్‌లోనే ఈ సదుపాయం ఉంది.

మల్టీథ్రెడింగ్ అనే మాట మీలో కొందరు వినే ఉంటారు. ఒకే ప్రోగ్రాములో అనేక పోగులు ఒకేసారి నడవడం అది. షెల్‌లో ఆ సౌకర్యం లేదు. వెనుక నడిచే పనులతో దాన్ని అనుకరిస్తాం, అంతే. ఈ తేడా గట్టిగా గుర్తుంచుకోవాలి. థ్రెడ్లు ఉమ్మడి కుటుంబం వంటివి. కొట్టు గది ఒకటే, ఒకరు బియ్యం తీస్తే మిగతావారికి తెలుస్తుంది. వెనుక నడిచే ప్రాసెస్ వేరు కాపురం పెట్టిన కొడుకు వంటిది. బయలుదేరేటప్పుడు తండ్రి లెక్కల పుస్తకానికి నకలు తీసుకుని వెళతాడు. ఆ తరువాత తన పుస్తకంలో ఏమి రాసుకున్నా తండ్రి పుస్తకంలోకి ఎక్కదు. అందుకే పిల్ల ప్రాసెస్ కట్టిన మొత్తం తల్లి స్క్రిప్టులోని లెక్కకు తనంతట తాను చేరదు. ఉత్తరం రాసినట్లు ఒక ఫైలులో రాసి అందించాలి.

నేను మొదట 40 శాఖలనూ ఒక్కసారే వెనుకకు వదిలాను. మా యంత్రంలో ఉన్నవి 8 కోర్లు. జ్ఞాపకశక్తి నిండిపోయి, యంత్రం ఉన్న సమాచారాన్ని డిస్కుకు తరలించడంతోనే సరిపెట్టుకుంది. అసలు పని కదలలేదు. తరువాత ఏ సమయంలోనైనా 8 మాత్రమే నడిచేటట్లు, ఒకటి ముగిస్తే మరొకటి మొదలయ్యేటట్లు మార్చాను. ఇందుకు వెయిట్ అనే ఆజ్ఞకు ఎన్ అనే అక్షరం జోడించాలి. బాష్‌లో ఈ వెసులుబాటు 2014లో వచ్చిన 4.3 కూర్పుతో లభించింది. కాగితం మీద చూస్తే 30 నిమిషాల పని. అన్నీ ఒకే డిస్కును వాడుకోవడం వల్ల ముప్పావుగంట పట్టింది. అయినా నా సంతోషానికి అంతు లేదు.

మర్నాడు మా భవనం కాపలాదారు, అనంతపురం వైపు పెద్దాయన, నన్ను గేటు దగ్గర ఆపాడు. "ఏమి సారూ, మా బ్రాంచిలో ఎవరికీ జీతం పడలేదంట. ఇంటి బాడుగ కట్టాల" అన్నాడు.

జరిగింది ఇది. నలభయ్యో శాఖను మొదలుపెట్టగానే నా స్క్రిప్టులోని వరుస ముగిసింది. అప్పటికి చివరి 8 శాఖలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వాటి కోసం ఆగకుండా స్క్రిప్టు 32 శాఖల జాబితానే మొత్తం జాబితాగా కట్టి బ్యాంకుకు పంపింది. వరుస చివర వెయిట్ అనే ఒక్క మాట రాయడం మరచిపోయాను. ఆ ఎనిమిది శాఖల వారికి జీతం ఒక రోజు ఆలస్యమైంది. రోజు బాడుగకు గడువు చెప్పుకునేవారికి అది చిన్న ఆలస్యం కాదు.

ఆ తరువాత నాలుగు నియమాలు పెట్టుకున్నాను. మొదటిది, చివర వెయిట్ తప్పనిసరి. రెండవది, ఉత్త వెయిట్ చాలదు. ఏ పేరూ చెప్పకుండా వెయిట్ అంటే, పిల్లలలో ఎవరు విఫలమైనా అది అంతా సవ్యమే అని సున్నాను తిరిగి ఇస్తుంది. కనుక ప్రతి ప్రాసెస్ సంఖ్యను రాసిపెట్టుకుని, ఒక్కొక్కదాని కోసం వేరుగా ఆగి, దాని ఫలితం చూడాలి. మూడవది, అందరూ ఒకే ఫైలులో రాస్తే వరుసలు కలగాపులగం కావచ్చు. కాబట్టి శాఖకు ఒక ఫైలు ఉండాలి. దానిని తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకనే అసలు పేరు పెట్టాలి. నాలుగవది, ఫైళ్లు 40 ఉన్నాయో లేదో లెక్కించి, ఒక్కటి తగ్గినా బ్యాంకుకు పంపకుండా ఆపి మనిషిని పిలవాలి.

ఈ చిక్కు చిన్న యంత్రాలకే పరిమితమని అనుకోకండి. బెంగళూరులోనే భారతీయ విజ్ఞాన సంస్థలో 2022లో పరమ్ ప్రవేగ అనే 3.3 పెటాఫ్లాప్స్ సామర్థ్యం గల సూపర్ కంప్యూటరును నెలకొల్పారు. అంతటి యంత్రం మీద కూడా పనిని పంచాక, ముక్కలన్నీ పూర్తయ్యాయా అని చూసుకునే బాధ్యత పని ఇచ్చినవారిదే.

షెల్ స్క్రిప్టులు రాసే యువతీ యువకులు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. వెనుక నడిచే పనులలో ఒకదానిని కావాలనే విఫలం చేయండి. మీ స్క్రిప్టు ఆ సంగతి మీకు చెప్పిందా? చెప్పకపోతే, ఆ రాత్రికి దానిని ఎవరి జీతాల మీదా నడపకండి.