నేరం, నెత్తురు, అడవి అంచు

నేరానికి మూలం మనిషి ఒంట్లోనే ఉందని మొదట గట్టిగా వాదించినవాడు ఇటలీ వైద్యుడు చెజారే లాంబ్రోజో. 1876లో అచ్చయిన పుస్తకంలో ఆయన నేరస్థుడిని పరిణామక్రమంలో వెనకబడిపోయిన జీవిగా చూపించాడు. పెద్ద దవడ, వాలిన నుదురు, పొడవాటి చేతులు ఉన్నవాడు పుట్టుకతోనే నేరస్థుడని ఆయన లెక్క. జైల్లో ఉన్నవాళ్ల తలలు కొలిచినంత శ్రద్ధగా ఆయన బయటివాళ్ల తలలు కొలవలేదు. ఆ పని ఇంగ్లండులో జైలు వైద్యుడు చార్లెస్ గోరింగ్ చేశాడు. సుమారు 3,000 మంది ఖైదీల కొలతలను విద్యార్థులు, సైనికుల కొలతలతో పోల్చి, నేరస్థుడికంటూ వేరే ఆకారం లేదని 1913లో తేల్చాడు.

ఆ తర్వాత వెతుకులాట తల మీది నుంచి కణంలోకి మళ్లింది. అదనంగా ఒక వై క్రోమోజోమ్ ఉన్న మగవాళ్లు దౌర్జన్యపరులవుతారేమోనన్న ఊహ 1965లో స్కాట్లండు పరిశీలనతో పుట్టింది. 1976లో డెన్మార్క్ అధ్యయనం దాన్ని నిలబడనివ్వలేదు. 1993లో నెదర్లాండ్స్‌లోని ఒక కుటుంబంలో, మెదడు రసాయనాలను విరిచే ఎంఏఓఏ అనే ఎంజైమ్ పూర్తిగా లోపించిన మగవాళ్లలో దుడుకుతనం కనిపించింది. అది అత్యంత అరుదైన లోపం. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులో మందకొడిగా పనిచేసే రకం మాత్రం చాలామందిలో ఉంటుంది. న్యూజిలాండ్‌లో ఒక తరం పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనించిన పరిశోధకులు 2002లో చెప్పిన సంగతి ఏమిటంటే, చిన్నప్పుడు దెబ్బలు, హింస అనుభవించిన వాళ్లలోనే ఆ రకానికీ దౌర్జన్యానికీ బలమైన సంబంధం కనిపించింది. తలకు తగిలిన గాయం, మెదడులో కణితి, పసితనంలో ఒంట్లో చేరిన సీసం కూడా మనిషి నిగ్రహాన్ని దెబ్బతీయగలవు. జీవశాస్త్రం నిజాయితీగా చెప్పగలిగింది ఇంతవరకే. అది ఒక్కొక్క మనిషి గురించి, అదీ అతని పెంపకంతో కలిపి చెప్పే మాట. ఒక కులం గురించో, తెగ గురించో అది ఎప్పుడూ ఏమీ నిరూపించలేదు.

తెలుగు నేల మీద మాత్రం ఆ మాటను తెగలకే అంటగట్టారు. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకలవారు, సుగాలీలు, ఇంకా అనేక సమూహాలు ఆ జాబితాలోకి ఎక్కాయి. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ కొలతల పరికరాలతో దక్షిణాది కులాల ముక్కులూ తలలూ కొలిచి, రంగాచారి సహాయంతో 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. ఆ రోజుల్లో ఇలాంటి కొలతలకూ పోలీసు రికార్డులకూ మధ్య గోడ లేదు.

చట్టం కిందికి వచ్చిన మనిషి బతుకు ఎలా ఉండేదో చెప్పుకోవాలి. అతని వేలిముద్రలు రిజిస్టరుకెక్కేవి. ఊరు దాటాలంటే చేతిలో పాసు ఉండాలి. నిర్ణయించిన వేళల్లో, ఒక్కోచోట అర్ధరాత్రి నిద్రలేచి వెళ్లి మరీ, గ్రామాధికారి ముందు హాజరు పలకాలి. పిలిచినప్పుడు లేకపోతే అదే నేరం. పక్కూరి సంతకు గంపలు అమ్ముకోవడానికి పాసు లేకుండా వెళ్లినవాడు ఏ దొంగతనమూ చేయకుండానే జైలుకు పోయేవాడు. రికార్డులో అదీ ఒక శిక్షగా చేరి, ఆ తెగ నేర స్వభావానికి మరో సాక్ష్యమయ్యేది.

గోరింగ్ పుస్తకం వెలువడిన రోజుల్లోనే బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. అక్కడి ఎరుకలవారు చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి పెంచే అధికారం చట్టంలోనే ఉండేది. నేరం నెత్తుట్లో ఉందని నిజంగా నమ్మితే పిల్లలను విడదీసి లాభమేముంది? వడ్రంగం, నేతల్లాగే నేరం కూడా కులవృత్తిగా తండ్రి నుంచి కొడుక్కు వస్తుందని దొరల ఊహ. యూరప్‌లో తలపుర్రె చేసిన పనిని ఇక్కడ కులం చేసింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ చూపినట్టు, ఎరుకలవారు తీరం నుంచి ఉప్పు, లోపలి ఊళ్ల నుంచి ధాన్యం మోసే వర్తకులు. రైలు వచ్చాక, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిశాక ఆ వర్తకం చితికిపోయింది. బతుకు పోయిన తెగకు దొంగ పేరు మిగిలింది.

నేరాన్ని చట్టం ఎలా పుట్టిస్తుందో గోదావరి ఒడ్డున ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1860లో నిజాం ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిష్ వారికి వదులుకున్నాడు. అప్పటి నుంచి భద్రాచలం ఒక ప్రభుత్వంలో, ఎదురు గట్టున బూర్గంపాడు మరో ప్రభుత్వంలో ఉండేవి. భద్రాచలం తాలూకాలోని రేకపల్లి ప్రాంతం బ్రిటిష్ మధ్యపరగణాల కింద ఉన్నంతకాలం పోడుకు, అంటే అడవి కొట్టి చేసే సాగుకు, అడ్డు లేదు, గొడ్డలికి నాలుగు అణాలు కడితే చాలు. 1874లో అది మద్రాసు పాలనలోకి రాగానే పన్ను దాదాపు మూడింతలైంది, కొన్ని అడవులు మూతపడ్డాయి. 1879లో రంప కొండల గిరిజన తిరుగుబాటు అక్కడికి పాకడానికి ఇదొక కారణం. కొండరెడ్డి, కోయ గిరిజనుల చేతిలో గొడ్డలి అదే, కొట్టిన పొదలు అవే. మారింది సర్కారు. ఏ జన్యువుతో దీన్ని వివరించగలం?

2006 అటవీ హక్కుల చట్టం ఆ కథను తిరగేసింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగు చేస్తున్న గిరిజనుడు ఆక్రమణదారు కాడని, హక్కుదారని ఆ చట్టం చెప్పింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో 2023లో పోడు పట్టాలు పంచారు. నిన్నటిదాకా ఫారెస్టు కేసుల్లో ముద్దాయిగా తిరిగినవాడు పట్టాదారయ్యాడు.

అదే జిల్లా చండ్రుగొండ మండలంలో 2022 నవంబరులో పోడు గొడవలో ఒక ఫారెస్టు రేంజ్ అధికారి హత్యకు గురయ్యాడు. విధి నిర్వహణలో ప్రాణం పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ కుటుంబానికి జరిగిన నష్టం ఏ వివరణతోనూ తీరదు. 2023లో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. అయితే కోర్టు ఇద్దరిని విచారించేలోపే, ఛత్తీస్‌గఢ్ నుంచి వలసొచ్చిన గుత్తికోయ గిరిజనులందరినీ వెనక్కి పంపాలని అక్కడి గ్రామసభ తీర్మానించింది. చేసినవాడితో పాటు తెగనంతా దోషిగా నిలబెట్టే ఆలోచన 1871 నాటిదే. అక్కడ మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం దళాలు నడిచిన కాలంలో ప్రాణాలు అరచేత పట్టుకుని అడవి దాటి వచ్చిన కుటుంబాలు ఇవి. హంతకుడికి శిక్ష పడాల్సిందే. పక్క గుడిసెలోని పసిపిల్ల ఆ శిక్షలో వాటా పంచుకోవలసిన పని లేదు.

నేరస్థ తెగల చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతా రద్దయింది. మద్రాసులో అంతకుముందే పోయింది. అయినా అలవాటు నేరస్థుల చట్టాల రూపంలో పోలీసు నిఘా కొనసాగింది, 1962లో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి చేసుకుంది. స్టూవర్టుపురంలో మార్పు తెచ్చింది నిఘా కాదు. 1970లలో సంఘ సంస్కర్తలు లవణం, హేమలతా లవణం అక్కడి జనం మధ్యకు వెళ్లి చేపట్టిన పనిలో చదువు, జీవనోపాధి, నమ్మకం ఉన్నాయి. నేరం నిజంగా నెత్తుట్లో ఉంటే ఆ ఊరి పిల్లలు బడికి, ఉద్యోగాలకు వెళ్లగలిగేవారు కాదు.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు నియమావళుల్లోని కులవివక్షను కొట్టివేసింది. నేరస్థ తెగల జాబితా నుంచి బయటపడిన విముక్త తెగలవారిని పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా చూడరాదని, ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసేయాలని ఆదేశించింది. ఆ ఆదేశం ప్రతి జైలులో, ప్రతి పోలీసు ఠాణాలో, ప్రతి ఫారెస్టు చెక్‌పోస్టులో అమలు కావాలి.