నేలకు బలము

నేను ఇంజనీరును కాను. దస్త్రములతో కాలము గడపువాడను. అయినను ఈ ఇచ్ఛాపూరులో నేలను గూర్చి నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను. సూరతు ప్రాంతపు నల్లరేగడి మనకు క్రొత్త కాదు. గుంటూరు సీమవారెల్లరు ఎరిగినదే. వానకు ఉబ్బును, ఎండకు బీటలు వారును. మా తండ్రిగారు ఉద్యోగ విరమణ ధనమంతయు వెచ్చించి కట్టించిన ఇల్లు రెండవ వేసవికే పగిలినది. ఆయన ఆ పగులును చూచుచు మౌనముగా కూర్చుండుట నేను మరువలేదు.

మన్ను అదుముటకు ఓర్చును, లాగుటకు ఓర్వదు. మట్టిగోడలో గడ్డి కలిపిన మన పెద్దలు ఈ మర్మమెరుగుదురు. 1960వ దశకమున ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ విదాల్ మట్టి పొరల నడుమ లోహపు పట్టీలు పరచెను. మట్టికిని పట్టీకిని గల ఒరిపిడియే కట్టను నిలుపును. నేడు ప్లాస్టిక్ వలలును వాడుచున్నారు. బీటలు వారిన బండకు ఉక్కు బోల్టులు బిగించి, నెఱ్ఱెలలో సిమెంటు పాలు ఎక్కింతురు.

ఉబ్బు రేగడికి మందు వేరు. సున్నము కలిపిన ఉబ్బు తగ్గును. లేదా, తేమ మారని లోతువరకు అడుగున ఉబ్బెత్తు గల పైళ్లు దింపవలెను. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ పద్ధతికి ప్రసిద్ధము.

కావున ఇల్లు కట్టదలచినవారు గోడల రంగు కంటె ముందు నేలను పరీక్ష చేయింపుడు. మా తండ్రిగారికి ఈ మాట చెప్పువారు లేకపోయిరి. మీకు నేను చెప్పితిని.