విన్న కథ, చూసిన నడత
(బనగానపల్లె సభలో చేసిన ప్రసంగ పాఠం)



బనగానపల్లె నమ్మకం విలువ తెలిసిన ఊరు. ఎక్కడి నుంచో వచ్చిన ఒక యువకుణ్ణి నమ్మి గరిమిరెడ్డి అచ్చమ్మ తన ఆవులను అప్పగించిందనీ, ఆయనే వీరబ్రహ్మేంద్రస్వామి అనీ ఇక్కడి పెద్దలు చెబుతారు. ఆ స్వామి శిష్యుడు సిద్దయ్య దూదేకుల ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు. ముందెన్నడూ చూడని మనిషిని నమ్మాలా వద్దా అన్న నిర్ణయం మెదడులో ఎలా జరుగుతుంది? ఈ శాస్త్ర ప్రశ్నకు మన హక్కులతో సంబంధం ఉన్నది. అందుకే నేడు దాని గురించి మాట్లాడదలిచాను.

1995లో బెర్గ్, డిఖాట్, మెకేబ్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకరికి కొంత సొమ్ము ఇస్తారు. ఆయన అందులో ఎంతైనా అపరిచితునికి పంపవచ్చు. పంపినది మూడింతలవుతుంది. అవతలివాడు కొంత తిరిగి ఇవ్వవచ్చు, మొత్తం తానే ఉంచుకోనూవచ్చు. పంపిన మొత్తమే నమ్మకానికి కొలమానం.

2005లో అమెరికాలోని హ్యూస్టన్, పాసడీనా నగరాలలో ఇద్దరిద్దరిని ఒకేసారి ఎఫ్‌ఎంఆర్‌ఐ యంత్రాలలో ఉంచి ఈ ఆటను పదేసి విడతలు ఆడించారు. ఏ భాగం పనిచేస్తున్నదో అక్కడి రక్తంలోని ప్రాణవాయువు మార్పును బట్టి ఆ యంత్రం చూపుతుంది. సొమ్ము అందుకునేవాని మెదడు లోపలి ‘కాడేట్’ భాగంలో నమ్మకానికి సంబంధించిన స్పందన మొదట అవతలివాని నిర్ణయం తెలిసిన తరువాత కనిపించింది. పరిచయం పెరిగేకొద్దీ అది నిర్ణయం తెలియకముందే కనిపించసాగింది. అంటే మెదడు ముందుగా ఒక అంచనా వేస్తుంది, జరిగినదానితో పోల్చుకుంటుంది, తేడాను బట్టి తరువాతి అంచనాను దిద్దుకుంటుంది. శాస్త్రజ్ఞులు ఈ క్రమాన్నే గణిత నమూనాగా రాస్తారు.

అయితే అదే సంవత్సరం డెల్గాడో, ఫ్రాంక్, ఫెల్ప్స్ ప్రచురించిన ప్రయోగం మనల్ని ఆలోచింపజేస్తుంది. ఆటకు ముందు పాల్గొన్నవారికి ముగ్గురు భాగస్వాముల జీవిత కథలు చదివించారు. ఒకడు మంచివాడు, ఒకడు సామాన్యుడు, ఒకడు అనుమానించదగినవాడు. ఆటలో ముగ్గురూ సొమ్ము తిరిగి ఇచ్చిన తీరు సమానమే. అయినా ఆడినవారు ‘మంచివాని’నే ఎక్కువగా నమ్ముతూ వచ్చారు. సామాన్యుని విషయంలో లాభానికీ నష్టానికీ కాడేట్ వేర్వేరుగా స్పందించింది. ‘మంచివాని’ విషయంలో ఆ తేడా కనిపించలేదు, ‘చెడ్డవాని’ విషయంలో బలహీనంగా ఉన్నది. ముందుగా విన్న కథ, కళ్లెదుట ఉన్న నడత నుంచి నేర్చుకునే శక్తిని మందగింపజేసింది.

మన గురించి ముందే చెప్పబడుతున్న కథలను గుర్తుచేసుకోండి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ మన దేశంలోని ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమాన అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో పంపి, ఫలితాలను 2007లో ప్రచురించారు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశపు నిష్పత్తి 0.33 మాత్రమే. దళిత పేరుకు 0.67. అక్కడ ఎవరి నడతనూ ఎవరూ చూడలేదు. చూసింది పేరునే.

“మీరు మంచిగా నడుచుకోండి, నమ్మకం అదే వస్తుంది” అని మనకు తరచూ హితవు చెబుతారు. మంచి నడత మన ధర్మం, అందులో సందేహం లేదు. కాని విన్న కథ బలంగా ఉన్నచోట మంచి నడత ఒక్కటే చాలదని ఈ ప్రయోగాలు సూచిస్తున్నాయి. కనుక సమాన అవకాశం ఎదుటివాని నమ్మకం మీద ఆధారపడరాదు, చట్టం మీద ఆధారపడాలి. సచార్ కమిటీ 2006లో సమాన అవకాశాల కమిషన్ కావాలని సిఫారసు చేసింది ఇందుకే ప్రాధాన్యం గలది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ చిత్రాలు అనేకుల సగటును చూపుతాయేగాని ఏ ఒక్కని నిజాయితీనీ తేల్చవు. నిందితుని సమ్మతి లేకుండా నార్కో, పాలిగ్రాఫ్, మెదడు తరంగాల పరీక్షలు జరపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో తీర్పు చెప్పింది. ఈ తీర్పును మన యువకులు తెలుసుకుని ఉండాలి.

చివరిగా, ఈ లోపం ఇతరుల మెదడులో మాత్రమే లేదు, మన మెదడులోనూ ఉన్నది. పొరుగువారి గురించి, మనలోనే వేరొక జమాత్ వారి గురించి విన్న కథలతో మనమూ తీర్పులు చెబుతున్నాము. వార్తను విచారించి చూడమనీ, అనుమానాలకు దూరంగా ఉండమనీ సూరా హుజురాత్ మనకు బోధిస్తున్నది. న్యాయాన్ని చట్టం ద్వారా అడుగుదాం. ఎదుటివారి నడతను మన కళ్లతో చూసిన తరువాతే మాట్లాడుదాం.

సెలవు. ఖుదా హాఫిజ్.